సిరొంచ సంగమసీమలో సందేశవ్యాప్తి: చాటింపు, తంతి, మల్టీకాస్టు

ప్రాణహిత గోదావరితో కలియు తావునకు సమీపమున, ప్రాణహిత తూర్పుగట్టున సిరొంచ కలదు. నదులకావల కాళేశ్వరము; దిగువను ఇంద్రావతి గోదావరిలో చేరును. 1860లో నిజాము ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కొసగగా, సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. 1874లో ఆ జిల్లా రద్దై సిరొంచ చాందాలోను, భద్రాచలము, రేకపల్లి మదరాసు రాజధానిలోను చేరినవి. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడగా సిరొంచ అందు భాగమయ్యెను. పాలనలు మారినను ఇచ్చటి పల్లెలలో తెలుగు నిలిచినది. మూడు నదుల నడుమనున్న యీ సీమలో ఒక్క వార్తను పలుచోట్ల కొక్కసారిగా చేర్చుట యెట్లను ప్రశ్న ప్రాణరక్షణకు సంబంధించినది.

తెలుగుపల్లెలలో తొలిసాధనము తప్పెటతో వేయు చాటింపు. వినగోరినవారును, గోరనివారును దానిని విందురు, విలాసముతో పనిలేదు. కాని దాని వ్యాప్తి పొలిమేరతో ముగియును.

తంతి దీనికి భిన్నమైనది. అది దూరమును జయించినను, వార్తను విలాసదారునికే చేర్చును. ఈ సీమలో దాని రాక రక్తసిక్తమైనది. బాబూరావు శెడ్మాకే, వెంకటరావుల పక్షమువారు 1858 ఏప్రిల్ 29వ తేది రాత్రి ప్రాణహిత తీరమున చించగుండి కడ తంతిశాఖ శిబిరముపై బడిరి. గార్ట్లండ్, హాల్ అను ఉద్యోగులు హతులైరి, పీటరనువాడు తప్పించుకొనెను. ఆ యేడే అక్టోబరు 21న బాబూరావు చాందాలో ఉరితీయబడెను. తంతి పాలకుల మాటను పాలకులకు చేర్చినది. గట్టుమీది పల్లెవానికి దాని పలుకు వినరాలేదు.

చాటింపునకును తంతికిని నడుమ మార్గమును కంప్యూటరు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్టీఫెన్ డీరింగ్ రూపొందించిన యీ పద్ధతి 1989 ఆగస్టులో ఇంటర్నెట్టు ప్రమాణముగా వెలువడినది. ఇదియే మల్టీకాస్టు. ఇందు విలాసము వ్యక్తిది కాదు, సమూహముది. 224 మొదలు 239 వరకుగల అంకెలతో ఆరంభమగు విలాసము లిందుకై కేటాయింపబడినవి. వినగోరు యంత్రము తానే సమూహమున చేరును. పంపువాడు ఒక్కమారే పంపును. త్రోవలు చీలినచోట రౌటర్లు ప్రతులు చేయును. 1992 మార్చిలో శాన్‌డియాగోలో జరిగిన ఇంటర్నెట్టు సాంకేతికుల సభలోని ప్రసంగము లీవిధముగనే ఇరువది స్థలములకు వినిపింపబడినవి.

1991లో వెలువడిన పైథాన్ భాషయందు సాకెట్ మాడ్యూలుద్వారా ఈ విద్య సామాన్యులకును అందినది. పైథాన్ 2 మూలప్రతితో వచ్చిన చిన్న దృష్టాంత మొకటి గమనింపదగినది. అది 225.0.0.250 విలాసమునకు, 8123వ పోర్టునకు, సెకనుకొకమారు కాలమును మాత్రము పంపుచుండును. అందే ఐ.పి. ఆరవ రూపమునకిచ్చిన విలాసమందు మొదటి భాగమును విడిచి, తక్కిన అంకెలను అక్షరసంకేతములుగా చదివినచో ‘పైథాన్ డెమో ఎంకాస్’ అని తేలును. శాసనలిపిని విప్పినట్టి ముచ్చట యిది.

పరీక్షావిధానము సులభము. మొదట శ్రోతను నడిపి సమూహమున చేర్పవలెను. పిమ్మట పంపువానిని నడుపవలెను. ఒకే యంత్రముపై ఇరువురు శ్రోతలకు ఒకే కాలము కనబడినచో సమూహవిలాసము పనిచేయుచున్నట్లు. తరువాత రెండవ యంత్రమున చూడవలెను. దాని తీగను కొంతసేపు తీసి మరల తగిలించినచో, నడుమనున్న సెకనులు మరి రావు. యు.డి.పి. పద్ధతిలో రసీదు లేదు. పోయినదానిని మరల పంపుటయు లేదు. పంపువాని కీ లోపము తెలియదు, వినువాని అంకెలలోని ఖాళీయే దానికి సాక్ష్యము. సందేశమునకిచ్చిన ఆయుఃప్రమాణము ఒకటి యగుటచే అది రౌటరును దాటదు. దాని బెంచినను, త్రోవలోని రౌటర్లు మల్టీకాస్టు నంగీకరింపనిచో ఫలములేదు. బహిరంగ ఇంటర్నెట్టులో సాధారణముగా జరుగునదిదియే.

ఈ పరిమితి సిరొంచవంటి సీమకు ముఖ్యము. 2022 జూలై వరదలో సిరొంచ తాలూకా గ్రామములు ముంపునకు గురియైనవి. దిగువ భద్రాచలముకడ నీటిమట్టము 71.3 అడుగులకు చేరినది. 2023లో భారత ప్రభుత్వ టెలికాం శాఖ మొబైలు ఫోన్లకు పరీక్షాసందేశములను పంపినది. అవి సెల్ బ్రాడ్‌కాస్టు విధమున పంపబడినవి. అందు ఎవరును సమూహమున చేరనక్కరలేదు. టవరు పరిధిలోని తగిన ఫోన్లన్నిటికిని సందేశము పోవును. ఆపదలో ముందుగా పేరు నమోదుచేసికొనుమని పల్లెవాని నడుగుట సాధ్యముకాదు గనుక, ఇట మల్టీకాస్టుకంటె పూర్వపు చాటింపు పద్ధతియే తగియున్నది.

అయినను దృష్టాంతము నేర్పు పాఠము రెండింటికిని వర్తించును. పంపినవాని లెక్క చేరిన లెక్క కాజాలదు. టవరు నీడపడని అడవిపల్లెకు తప్పెట యింకను కావలసియున్నది. కావున సంగమసీమలో ఏ హెచ్చరిక పరీక్షయైనను కార్యాలయమున ముగియరాదు. గట్టుమీది తుది యింటివాడు విన్నాడో లేదో అడిగి తెలిసికొనినపుడే అది పూర్తియైనట్లెంచవలెను.