ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేశాక తలెత్తే బూట్ సమస్యలు

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే, కంప్యూటర్ దాన్ని తెరవలేక ఆగిపోవడాన్ని బూట్ సమస్య అంటారు. బూట్ చేయదగిన డిస్కు లేదన్న సందేశం రావచ్చు, గ్రబ్ రెస్క్యూ అనే నల్ల తెర దగ్గర నిలిచిపోవచ్చు, లినక్స్ వేసినా నేరుగా విండోసే తెరుచుకోవచ్చు. ఇన్‌స్టలేషన్ చెడిందనుకుని చాలామంది డిస్కును ఫార్మాట్ చేసి మళ్లీ మొదలుపెడతారు. తరచూ అది అనవసరమైన పని. ఫైళ్లన్నీ డిస్కులో భద్రంగానే ఉంటాయి, వాటిని ముందుగా అందుకోవాల్సిన ఫర్మ్‌వేరుకు, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌కు, దారి దొరకదు, అంతే.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయాస్ అనే ఫర్మ్‌వేర్, డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల సెక్టారును చదివి అందులోని కోడ్‌కు పని అప్పగించేది. ఇప్పటి కంప్యూటర్లలో ఉన్న యూఈఎఫ్ఐ అలా సెక్టారును నమ్ముకోదు, ఫైలును వెతుకుతుంది. డిస్కులో ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ ఒకటి ఉంటుంది. అందులో మైక్రోసాఫ్ట్, ఉబుంటు వంటి పేర్లతో ఫోల్డర్లు, వాటిలో బూట్ లోడర్ ఫైళ్లు ఉంటాయి. ఏ ఫైలును ఏ వరుసలో తెరవాలన్న జాబితా మాత్రం డిస్కులో కాక, మదర్‌బోర్డు మీది ఎన్‌వీర్యామ్‌లో ఉంటుంది. అందుకే డిస్కును వేరే కంప్యూటరుకు మార్చినా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఆ జాబితాను చెరిపేసినా బూట్ ఆగిపోవచ్చు.

మొదట చూడవలసింది మోడ్, అంటే కంప్యూటర్ పాత బయాస్ పద్ధతిలో బూట్ అవుతోందా, యూఈఎఫ్ఐ పద్ధతిలోనా అన్నది. పాత పద్ధతి కూడా నడిచే కంప్యూటర్లలో బూట్ మెనూ తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. విండోస్ యూఈఎఫ్ఐ మోడ్‌లో ఉండగా రెండో వరుస ఎంచుకుని లినక్స్ వేస్తే, లినక్స్ బూట్ లోడర్ అయిన గ్రబ్ మెనూ విండోస్‌ను తెరవలేదు. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ అన్న వరుస చూస్తే ఉన్నది ఏ మోడో తెలుస్తుంది.

మోడ్ సరిగానే ఉంటే జాబితాను చూడాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లినక్స్ తెరిచి ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్ నడిపితే ఎంట్రీలూ వాటి వరుసా కనిపిస్తాయి. లినక్స్ తర్వాత విండోస్ వేస్తే అది తన పేరును ముందుకు తెచ్చుకుంటుంది. అప్పుడు వరుస మార్చితే చాలు. విండోస్ బూట్ ఫైళ్లే పోతే బీసీడీబూట్ కమాండ్ వాటిని తిరిగి రాస్తుంది.

కొన్ని ఫర్మ్‌వేర్లు ఆ జాబితాకు కట్టుబడవు. లెనోవో థింక్‌సెంటర్ ఎం92పీ ఫర్మ్‌వేర్ ఎంట్రీ పేరును సరిచూసి, విండోస్ బూట్ మేనేజర్ లేదా రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అని ఉంటేనే బూట్ చేసేదని 2012లో లినక్స్ డెవలపర్ మాథ్యూ గారెట్ వెల్లడించారు. ఫెడోరా సక్రమంగా ఇన్‌స్టాలైనా, పేరు వేరైనందుకే తెరుచుకోలేదు. ఇది తయారీదారు తప్పే, వాడుకరి తప్పు ఎంతమాత్రం కాదు. ఇలాంటి మొండి ఫర్మ్‌వేర్లలో చాలావాటికి ఒక ఉపాయం పనిచేస్తుంది. ఈఎఫ్ఐ ఫోల్డరులో బూట్ అనే ఫోల్డర్ పెట్టి, అందులో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే పేరుతో లోడర్‌ను ఉంచాలి. జాబితా పనికిరానప్పుడు వెతకాల్సిన చోటుగా యూఈఎఫ్ఐ ప్రమాణమే దాన్ని నిర్దేశించింది. గ్రబ్‌ను రిమూవబుల్ ఆప్షన్‌తో ఇన్‌స్టాల్ చేస్తే లోడర్ అక్కడికే చేరుతుంది.

2012లో విండోస్ 8తో విస్తరించిన సెక్యూర్ బూట్, సంతకం లేని లోడర్‌ను అడ్డుకుంటుంది. లినక్స్ పంపిణీలు మైక్రోసాఫ్ట్ సంతకమున్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ద్వారా ఈ గడప దాటుతాయి. గారెట్ దాని రూపకర్తల్లో ఒకరు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ లోపాలున్న పాత లోడర్లను నిషేధించడంతో, రెండు సిస్టమ్‌లున్న ఎన్నో కంప్యూటర్లలో ఆ నిషేధాన్ని అమలు చేసే ఎస్‌బ్యాట్ తనిఖీ విఫలమైందంటూ లినక్స్ ఆగిపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లో ఆ నిషేధ విధానాన్ని తొలగించి, షిమ్‌నూ గ్రబ్‌నూ అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి విరుగుడు. సెక్యూర్ బూట్‌ను శాశ్వతంగా ఆపేయమనే సలహా తేలికే గాని మంచిది కాదు.

ఇన్‌స్టాలరుకు అసలు డిస్కే కనబడకపోతే ఫర్మ్‌వేరులో డిస్కులను నిర్వహించే ఇంటెల్ వీఎండీ లేదా రెయిడ్ సెట్టింగ్ కారణం కావచ్చు. విండోస్‌ను సిద్ధం చేయకుండా ఆ సెట్టింగ్ మార్చితే విండోస్ కూడా తెరుచుకోకపోవచ్చు.

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరులో సెక్యూర్ బూట్ వంటి ఫర్మ్‌వేర్ సెట్టింగ్ మార్చితే, తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకుంటే డిస్కులోని సమాచారం దక్కదు. ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.