క్రమము, పరీక్ష, ఆవృత్తి



ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, వ్యాకరణమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టి నేను కంప్యూటరును గూర్చి ప్రసంగింప బూనుట వింతగా దోపవచ్చును. దీనికి కారణము మా యింట జరిగిన యొక సంగతి.

మా మనుమరాలు పట్టణములో నొక శిక్షణాలయమున ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచుండెను. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనులను వివరముగా వ్రాసి యిచ్చెడి ఆజ్ఞాపత్రము. సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్ల పుస్తకములను మూలబెట్టి, "తాతయ్యా, నాకీ చదువు రాదట. మా మాస్టారు చెప్పేశారు. మానేస్తాను" అని కన్నీరు పెట్టుకొనెను.

ఆ మాట నన్ను కలచివేసెను. ఏలయన, సంధులలో మాటిమాటికి తప్పుచున్న యొక పిల్లవానితో నేనును పూర్వమొకనాడు అట్లే యంటిని. మఱునాటినుండి వాడు బడికి రాలేదు. ఆ మాటను వెనుకకు దీసికొను అవకాశము నాకు మరల దొరకలేదు. కావున, ఈసారి తీర్పు చెప్పుటకు ముందు తప్పెక్కడ నున్నదో చూడవలెనని పిల్ల ప్రక్కన కూర్చుంటిని. ఆమె వ్రాసినది కళ్లములో ధాన్యము కొలుచు లెక్క. యంత్రమేమో ఆగక అంకెలు కురిపించుచుండెను. వేలు దాటి లక్షలకు బోయెను. ఆ తప్పును తెలిసికొనుటకై నేను చదివిన చరిత్రనే నేడు మనవి చేయుచున్నాను.

యంత్రమున కిచ్చు ఆజ్ఞల నడక మూడు విధములు. వానిని మన కళ్లముననే చూడవచ్చును. పనలను నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసి, పిదప కొలుతురు. ఈ వరుస తాఱుమాఱైన పని చెడును. ఇది క్రమము. కుంచములో తాలు కనబడెనా, కొలుచువాడు దానిని ప్రక్కకు దీయును. లేదా, బస్తాలో పోయును. ఇది పరీక్ష. "లాభము, రెండు, మూడు" అని చెప్పుచు ఆ పనినే మరల మరల చేయును. ఇది ఆవృత్తి. ఆవృత్తియు రెండు తెఱగులు. జపమాలకు పూసలు 108 అని ముందే తెలియును. మేరుపూస తగులగానే నిలుపుదుము. రాశి యెన్ని కుంచము లగునో ముందు తెలియదు. రాశి తరిగిపోవు వఱకు కొలువవలసినదే.

ఈ నడకలు మన పూర్వులకు క్రొత్తవి కావు. బాలవ్యాకరణము చదివినవారు ఉత్తునకు పిమ్మట అచ్చు వచ్చెనా యని చూచి, వచ్చినచో సంధి చేయుదురు. రానిచో పదమును విడిచిపెట్టుదురు. 499 ప్రాంతమున ఆర్యభటుడు చెప్పిన కుట్టకమున భాగహారము చేయుట, మిగిలిన శేషముతో మరల భాగించుట యను ఆవృత్తి కలదు. అయితే అవి మనుష్యుల కిచ్చిన ఆజ్ఞలు. మనుష్యుడు చెప్పనిదానిని గూడ ఊహించి చేయును. ఊహ యెఱుగని యంత్రమునకు చెప్పవలసి వచ్చినప్పుడే అసలు చిక్కు బయటపడెను.

ఆ కథ మగ్గముతో నారంభమైనది. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1804లో జాకార్డు అను నాతడు రంధ్రములు గల అట్టలతో పువ్వులు నేయు సాధనమును సిద్ధపఱచెను. రంధ్రమున్నచో పడుగుదారము లేచును, లేనిచో లేవదు. అట్టలను వరుసగా గ్రుచ్చి కొసలు కలిపినచో అదే పువ్వు మరల మరల వచ్చును. మన ధర్మవరము పట్టుచీరల మగ్గములపై నేటికిని ఆతని పేరిటి సాధనము కానవచ్చును.

ఇంగ్లండులో చార్లెసు బాబేజి ఆ అట్టలను జూచి, నేతకు బదులు గణితమున కేల వాడరాదని యోచించి, 1830 తరువాతి సంవత్సరములలో నొక మహాయంత్రమును కల్పన చేసెను. అది ఆతని జీవితకాలమున పూర్తికాలేదు. కాని 1843లో ఏడా లవ్‌లేసు అను విదుషీమణి దానిని గూర్చిన ఫ్రెంచి వ్యాసము నొకదానిని అనువదించి, మూలమును మించిన టిప్పణములను చేర్చెను. బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రము ఎట్లు గణింపగలదో వరుసగా వ్రాసి చూపెను. ఒకే కార్యసముదాయము మరల మరల జరుగుటను, ఒక ఆవృత్తిలో మఱియొక ఆవృత్తి యిముడుటను ఆమె యందు వివరించెను. యంత్రము పుట్టకమునుపే దానికి పాఠము వ్రాసిన దామె.

అటుపిమ్మట నూఱేండ్లకు, 1944లో, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున 51 అడుగుల పొడవు గల గణనయంత్రము పనిచేయ నారంభించెను. ఆజ్ఞలను కాగితపు పట్టీపై రంధ్రములుగా పొడిచి యిచ్చుచుండిరి. ఆవృత్తి కావలసినచో పట్టీ కొసలను జిగురుతో అతికించెడివారు! పరీక్షించి త్రోవ మార్చు ఆజ్ఞ దానికి మొదట లేకుండెను.

1957లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన ఫోర్ట్రాన్ అను భాషలో పరీక్షయు, ఆవృత్తియు మాటలలో చెప్పు వీలు కలిగెను. సంఖ్య సున్నకు తక్కువైన నొక త్రోవ, సున్నయైన నొకటి, ఎక్కువైన మఱియొకటి. కాని దానితోపాటు "ఫలాని పంక్తికి పొమ్ము" అను ఆజ్ఞయు వాడుకలో బలపడెను. ఒక గ్రంథమున ఏడవ పుటలో "నలువదవ పుటకు పొమ్ము" అనియు, అచ్చట "పండ్రెండవ పుటకు తిరిగి రమ్ము" అనియు వ్రాసియున్నచో చదువరి గతి యేమి? ప్రోగ్రాములు పెద్దవైన కొలది చిక్కుపడిన నూలువలె తయారయ్యెను. వ్రాసినవారే తమ వ్రాతలో దారి తప్పిరి.

అప్పుడు 1966లో బోమ్, యాకోపీని అను ఇద్దఱు, ఎంత చిక్కుపడిన ప్రోగ్రామునైనను, అవసరమైనచోట నొక గుర్తును అదనముగా నుంచుకొని, క్రమము, పరీక్ష, ఆవృత్తి యను మూటితోనే తిరిగి వ్రాయవచ్చునని నిరూపించిరి. 1968 మార్చిలో హాలండు దేశీయుడగు డైక్‌స్ట్రా ఒక పత్రికకు లేఖ వ్రాసి, "పొమ్ము" అను ఆజ్ఞ హానికరమని వాదించెను. కాగితముమీది వరుసకును యంత్రము చేయు పనికిని నడుమ ఎడ మెంత తగ్గిన, మనుష్యబుద్ధికి అంత సుకరమని ఆతని యభిప్రాయము. దానిపై చాలకాలము వివాదము నడిచెను. కాని పాఠములు చెప్పువారు క్రమముగా ఆ మాటనే పాటించిరి. 1970లో విర్తు ప్రకటించిన పాస్కల్ భాష విద్యార్థుల కొఱకే యేర్పడినది. 1991లో వెలువడిన పైథాన్ భాషలో, ఆవృత్తికి లోబడిన పంక్తులను కొంచెము కుడికి జరిపి వ్రాయవలెను. ఏది లోపలిదో ఏది వెలుపలిదో కంటికే తెలియును. 2007లో వచ్చిన స్క్రాచ్ అను దానిలో చిన్నపిల్లలు దిమ్మెలవంటి బొమ్మలను పేర్చి ఈ మూడు నడకలను నేర్చుకొందురు.

దీనివలన నేను గ్రహించిన దేమనగా, 1843 మొదలు 1968 వఱకు మహాబుద్ధిమంతులు తడవుకొని తడవుకొని తెలిసికొన్న దారి యిది. దీనిని కొలది వారములలో నేర్వబోయిన పిల్ల తడబడినచో బుద్ధి లేదనుట న్యాయము కాదు.

ఇంక మా పిల్ల లెక్క. ఆమెచేత ప్రతి పంక్తిని తెలుగులో పైకి చదివించితిని. "రాశిలో ధాన్యమున్నంతవరకు లెక్క ఒకటి పెంచు, లెక్కను చూపించు" అని చదివెను. "అమ్మా, కుంచాలు లెక్కపెడుతున్నావు, బాగుంది. రాశి తగ్గిందెక్కడ?" అని యడిగితిని. పిల్ల ఒక క్షణము నావంక జూచి, పకపక నవ్వి, కొలిచిన ప్రతిసారి రాశినుండి ఒక కుంచము తీసివేయుమని యొక పంక్తి చేర్చెను. యంత్రము ఠక్కున ఆగెను. పుస్తకములు మూలనుండి బల్లమీదికి వచ్చినవి. నాకు యంత్రవిద్య రాదు. కాని కళ్లము తెలియును.

అందుచేత పెద్దలకు నా మనవి. మీ యిండ్లలో పిల్లలు ఈ విద్య నభ్యసించుచున్నచో, మనకేమి తెలియునని దూరముగా నుండకుడు. మూడు ప్రశ్నలడుగుడు: ముందేది, తరువాత ఏది? ఏమి చూచి త్రోవ మార్చవలెను? ఎప్పుడు ఆగవలెను? మూడవ ప్రశ్నను తప్పక అడుగుడు. బదులు చెప్పలేక పిల్ల తడుముకొన్నచో "నీకు రాదు" అనకుడు. మొదటి పంక్తినుండి మరల చదివించుడు.

ఆనాడు బడి విడిచిన పిల్లవానికి నేను చేయవలసియుండినదియు ఇంతే.