కేసు కట్టలో కవిత: సాహిత్య చరిత్రకు స్థానిక క్రిమినల్ కోర్టు రికార్డుల ఆవశ్యకత, అన్వేషణ పద్ధతి

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలో “జైలుశిక్ష అనుభవించాడు” అన్న వాక్యం కొత్తది కాదు. 1908లో బెజవాడ నుంచి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికలోని రచనకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద మూడేళ్ళ శిక్షకు గురయ్యారు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో ‘మాకొద్దీ తెల్లదొరతనము’ గేయం గరిమెళ్ళ సత్యనారాయణను జైలుకు పంపింది. 1974లో నమోదైన సికింద్రాబాదు కుట్ర కేసులో విప్లవ రచయితలు ముద్దాయిలుగా నిలిచి, 1989లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ సంఘటనలను సాహిత్య చరిత్రలు ఎక్కువగా ఆత్మకథలు, సంస్మరణ వ్యాసాలు, పత్రికా వార్తల ఆధారంగానే నమోదు చేస్తూ వచ్చాయి. రచనలోని ఏ వాక్యాన్ని నేరంగా చూపారు? న్యాయమూర్తికి దాన్ని ఎవరు అనువదించి వినిపించారు? తన రచన గురించి రచయిత కోర్టులో ఏమన్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికే చోటు కేసు కట్ట. ఆ కట్ట దగ్గరికి సాహిత్య పరిశోధకుడు చేరుకునే దారిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. కట్టలోని సాహిత్య సామగ్రి

క్రిమినల్ కేసు రికార్డులో ప్రథమ సమాచార నివేదిక, పంచనామాలు, అభియోగపత్రం, సాక్షుల వాంగ్మూలాలు, గుర్తులు వేసిన పత్రాలు, తీర్పు ప్రధానమైనవి. వీటిలో రెండు అంశాలు సాహిత్య విద్యార్థికి ప్రత్యేకంగా అవసరం. మొదటిది అనువాదం. బ్రిటిషు కాలంలో తెలుగు రచనపై అభియోగం వచ్చినప్పుడు తెలుగు రాని న్యాయాధికారి ముందు నిలిచేది మూలం కాదు, దాని ఇంగ్లీషు అనువాదం. గరిమెళ్ళ చేత ఒక తెల్లదొర పాట పాడించుకున్నాడనీ, భాష అర్థం కాకపోయినా ఆ పాట శక్తిని గుర్తించాడనీ ఒక కథనం ప్రచారంలో ఉంది. అందులోని నిజానిజాలు ఎలా ఉన్నా, అది లేవనెత్తే ప్రశ్న సరైనదే: శిక్ష పడింది పాటకా, అనువాదానికా? ఒక శ్లేష, ఒక నిందాస్తుతి, ఒక జాతీయం ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఏమైందో తెలియకుండా ఆ తీర్పును విమర్శించలేం.

రెండవది ముద్దాయి వివరణ. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక, అందులో తనకు వ్యతిరేకంగా ఉన్న అంశాలపై ముద్దాయిని న్యాయస్థానం స్వయంగా ప్రశ్నిస్తుంది. ఇది 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 342వ సెక్షను, 1973 కోడ్‌లో 313, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351. ముద్దాయి రచయిత అయినప్పుడు, అతడు తన రచనను సమర్థించుకున్నాడో, అర్థాన్ని మార్చి చెప్పాడో, మౌనం వహించాడో ఈ పుటల్లో తెలుస్తుంది. కవి తన కవితపై చేసిన వ్యాఖ్యానంగా దీన్ని చదవవచ్చు. అయితే శిక్షాభయం నీడలో పుట్టిన వ్యాఖ్యానం అన్న ఎరుక తప్పనిసరి.

2. ఏ కోర్టు, ఏ నంబరు

ఒక జిల్లా కేంద్రంలోని కోర్టులో ఈ వ్యాసకర్త సమర్పించిన మొదటి దరఖాస్తులో “ఫలానా కవిపై నడిచిన కేసు కాగితాలన్నీ” అని ఉంది. ఆ దరఖాస్తు తిరిగివచ్చింది. లోపం కార్యాలయానిది కాదు, దరఖాస్తుదారుడిదే. రికార్డు గదికి కవి తెలియడు, నంబరు మాత్రమే తెలుసు. పోలీసు స్టేషనులో నమోదైనప్పుడు కేసుకు క్రైం నంబరు వస్తుంది. మేజిస్ట్రేటు కోర్టులో అది సి.సి. నంబరు అవుతుంది. సెషన్స్ కోర్టు విచారించవలసిన నేరమైతే మొదట పి.ఆర్.సి. నంబరు, తర్వాత ఎస్.సి. నంబరు పొందుతుంది. అప్పీలుకు వెళ్తే మరో నంబరు. ఒకే కేసుకున్న ఈ పేర్లన్నిటినీ, సంవత్సరాలతో సహా, ఒక పట్టికగా రాసుకోవడం అన్వేషణలో తొలి మెట్టు. ఆనాటి పత్రికా వార్తలో సాధారణంగా స్టేషను పేరో, కోర్టు పేరో, తీర్పు తేదీయో దొరుకుతుంది. అక్కడి నుంచి రిజిస్టర్ల ద్వారా నంబరుకు చేరుకోవాలి. ఇటీవలి కేసులైతే ఈ-కోర్ట్స్ సేవలో పార్టీ పేరుతో గాని, ఎఫ్.ఐ.ఆర్. నంబరుతో గాని వెదకవచ్చు. పాత కేసులకు రిజిస్టరే శరణ్యం.

నంబరుతో పాటు సరిహద్దుల చరిత్ర కూడా తెలియాలి. 1908లో బెజవాడ కృష్ణా జిల్లాలోని పట్టణం, జిల్లా కేంద్రం మచిలీపట్నం, పై న్యాయస్థానం మద్రాసు హైకోర్టు. కనుక గాడిచర్ల కేసును నేటి విజయవాడలో మాత్రమే వెదకడం సరిపోదు. ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు గుంటూరులో 1954లో ఏర్పడింది, 1956లో హైదరాబాదుకు మారింది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేరువేరు హైకోర్టులు పనిచేస్తున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ న్యాయశాఖ పత్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌ను, నిజాం పాలన నాటి పత్రాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను ఆశ్రయించాలి. నిజాం రాజ్య పాలనా పత్రాలు చాలావరకు పారశీక, ఉర్దూ భాషల్లో ఉండడం వల్ల తెలంగాణ సాహిత్య చరిత్రకారుడికి ఉర్దూ పరిజ్ఞానమో, ఉర్దూ తెలిసినవారి సహకారమో అవసరం.

3. అడిగే హక్కు, అడిగే తీరు

నకళ్ళ విభాగంలో ఎదురయ్యే మొదటి ప్రశ్న: “మీరు ఈ కేసులో పార్టీయా?” కాదన్న జవాబుతో చాలామంది వెనుదిరుగుతారు. చట్టం అంత కఠినంగా లేదు. 1973 కోడ్‌లోని 363వ సెక్షను, తీర్పు వల్ల ప్రభావితుడైన వ్యక్తికి రుసుము మీద నకలు పొందే హక్కు ఇస్తూనే, ప్రభావితులు కాని ఇతరులకు కూడా తీర్పుల నకళ్ళు ఇచ్చేందుకు హైకోర్టులు నియమాలు చేయవచ్చునని చెప్పింది. కొత్త సంహితలో దీనికి సమానమైనది 404వ సెక్షను. సమాచార హక్కు చట్టం ఇక్కడ దగ్గరి దారి కాదు. న్యాయవిచారణకు చెందిన రికార్డుల నకళ్ళను హైకోర్టు నియమాల ప్రకారమే కోరాలని గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అందువల్ల మూడో వ్యక్తిగా వచ్చే పరిశోధకుడు తన ప్రయోజనాన్ని వివరించే అఫిడవిట్‌తో న్యాయాధికారి అనుమతి కోరడం సరైన మార్గం. విశ్వవిద్యాలయ శాఖ ఇచ్చే ధ్రువీకరణ లేఖ, పరిశోధనాంశం, కావలసిన పత్రం పేరు అందులో స్పష్టంగా ఉండాలి.

అన్నీ ఒకేసారి అడగడం కన్నా మొదట తీర్పు నకలు అడగడం మేలు. విచారణ కోర్టు తీర్పు చివర సాక్ష్యాల అనుబంధం ఉంటుంది. పి.డబ్ల్యు.1 ఎవరు, ఎగ్జిబిట్ పి-3 ఏ పత్రం, ఎం.ఓ.2 ఏ వస్తువు అన్నది అక్కడ వరుసగా తెలుస్తుంది. కట్టకు అదే విషయసూచిక. రెండో దరఖాస్తులో ఆ గుర్తులతోనే నకళ్ళు కోరితే అభ్యర్థన నిర్దిష్టమవుతుంది, పరిశీలించే అధికారికీ సులభమవుతుంది.

4. కట్ట ఆయుష్షు

ఈ వ్యాసకర్తకు రెండో ప్రయత్నంలో తీర్పు నకలు లభించింది. అనుబంధంలో ఒక చేతిరాత నోటుపుస్తకం ఎం.ఓ.గా నమోదై ఉంది. తీర్పు చివరి పేరాలో, అప్పీలు గడువు ముగిశాక ఆ వస్తువులను ధ్వంసం చేయాలన్న ఆదేశం కూడా ఉంది. ఆ పుస్తకంలోని పద్యాలలో నేడు మిగిలినవి తీర్పులో ఉదాహరించిన రెండు చరణాలే. అచ్చులో ఎక్కడా కనిపించని ఆ రెండు చరణాలను భద్రపరిచింది వాటిని నేరానికి సాక్ష్యంగా చూపిన ఇంగ్లీషు తీర్పు.

ఇది అరుదైన దుర్ఘటన కాదు, వ్యవస్థ సహజ గమనం. 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం కింద హైకోర్టులు చేసిన నియమాల మేరకు, గడువు తీరిన కాగితాలను కోర్టులు తొలగిస్తాయి. సాధారణంగా తీర్పు ఎక్కువ కాలం నిలుస్తుంది, వాంగ్మూలాలూ అనుబంధ పత్రాలూ ముందుగా పోతాయి. సాహిత్య పరిశోధకుడికి ఎక్కువగా కావలసిన పుటలే ముందుగా నశిస్తాయన్నమాట. పోలీసులు స్వాధీనం చేసుకున్న కరపత్రం, పాటల పుస్తకం, ఉత్తరం తమ చారిత్రక విలువను బట్టి కాక, కేసు ముగిసిన తేదీని బట్టి బతుకుతాయి. కనుక గత అర్ధశతాబ్దపు కేసుల విషయంలో ఆలస్యం చేయరాదు.

5. చదివేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

దొరికిన రికార్డును సత్యంగా కాక, ఒక ప్రత్యేక ప్రయోజనానికి తయారైన పాఠంగా చదవాలి. ప్రథమ సమాచార నివేదిక ఆరోపణే గాని నిరూపణ కాదు. తెలుగులో మాట్లాడిన సాక్షి మాట తరచు ఇంగ్లీషులో నమోదవుతుంది. అందువల్ల వాంగ్మూలంలోని పదప్రయోగాన్ని ఆ వ్యక్తి శైలిగా విశ్లేషించడం ప్రమాదకరం. నిర్దోషిగా విడుదలైన వ్యక్తి గురించి రాసేటప్పుడు అభియోగం చెప్పి, తీర్పు చెప్పకపోవడం చరిత్రకు ద్రోహం. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును వెల్లడించడాన్ని చట్టమే నిషేధించింది. సాక్షులుగా వచ్చిన సామాన్యుల పేర్లనూ అవసరం లేనిచోట విడిచిపెట్టడం పరిశోధకుడి బాధ్యత.

పాఠ పరిష్కర్తలు తాళపత్ర ప్రతుల కోసం ఊరూరా తిరిగిన సంప్రదాయం మనకుంది. ఇరవయ్యవ శతాబ్దపు నిషిద్ధ సాహిత్యానికి జిల్లా కోర్టు రికార్డు గది కూడా అటువంటి ప్రతిస్థానమే. తెలుగు శాఖలు తమ జిల్లాలలో రచయితలపై నడిచిన కేసుల నంబర్లు, కోర్టులు, తీర్పు తేదీలతో ఒక సూచికను సిద్ధం చేయడం, అనుమతి లభించిన తీర్పుల నకళ్ళను గ్రంథాలయాలలో భద్రపరచడం ఇప్పుడు చేయదగిన పని. అప్పుడే “జైలుశిక్ష అనుభవించాడు” అన్న వాక్యం వెనుక ఉన్న అసలు వాదోపవాదాలు సాహిత్య చరిత్రలో చోటుచేసుకుంటాయి.