రాలేనివారికి ఇచ్చిన బహుమతి



పోయిన నెల మన సంఘం సమావేశంలో ఉగాది పురస్కారాల జాబితా చూస్తుండగా ఒక పెద్దాయన అన్నారు: "వేదిక ఎక్కలేని మనిషికి శాలువా ఎందుకయ్యా? వచ్చేవాళ్లకే ఇద్దాం." అంతే, మంచం పట్టిన ఒక పాత విలేకరి పేరు పక్కకు పోయింది. అప్పుడు నేను నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక ఆ మాటే తొలుస్తూ ఉంది. అందుకే ఈ పొడుగాటి పోస్టు, ఓపిగ్గా చదవండి.

పత్రికా స్వేచ్ఛ కోసం నిలబడినవారికి యునెస్కో 1997 నుంచి ఒక బహుమతి ఇస్తోంది. సొమ్ము 25,000 డాలర్లు. దాని పేరు గియెర్మో కానో బహుమతి. ఈ కానో ఎవరో ముందు చెప్పాలి.

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో 'ఎల్ ఎస్పెక్తదోర్' అనే దినపత్రిక ఉంది. కానో తాతగారు 1887లో పెట్టిన పత్రిక అది. మనవడు దానికి సంపాదకుడు. 1982లో పాబ్లో ఎస్కోబార్ అనే మత్తుమందుల వ్యాపారి, పేదలకు ఇళ్లు కట్టించే దాతగా పేరు తెచ్చుకుని, ఎన్నికల్లో గెలిచి ఏకంగా చట్టసభలో అడుగుపెట్టాడు. కానోకు ఆ ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఆఫీసులో పాత సంచికలు తిరగేయించాడు. 1976 నాటి వార్త దొరికింది: మత్తుమందు కేసులో అరెస్టయినవాళ్లలో ఇదే మనిషి! 1983 ఆగస్టు 25న ఆ పాత వార్తను మళ్లీ అచ్చువేశాడు. కొద్ది నెలల్లో ఎస్కోబార్ రాజకీయం ముగిసిపోయింది. కానో చేసిన సాహసమల్లా బీరువాలోని పాత కాగితం బయటకు తీయడం. (మన సంఘం పాత సంచికలను చెదలకు వదిలేసిన సంగతి ఇక్కడ ఎత్తను.)

1986 డిసెంబరు 17 సాయంత్రం, క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, పత్రికాఫీసు బయటే మోటారు సైకిల్ మీద వచ్చినవాళ్లు ఆయన్ని కాల్చేశారు. వయసు 61. మూడేళ్ల తర్వాత, 1989 సెప్టెంబరు 2న, ఆ ఆఫీసునే లారీ బాంబుతో పేల్చారు. మర్నాడు పేపరు వచ్చింది. "ముందుకే సాగుతాం" అన్నది పతాక శీర్షిక.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతటివాడి పేరున పెట్టిన బహుమతి మొట్టమొదట ఎవరికి ఇచ్చారనుకున్నారు? చైనా పాత్రికేయురాలు గావ్ యూకి. అప్పటికి ఆమె జైల్లో ఉంది, రాజ్య రహస్యాలు బయటపెట్టిందన్న నేరం మీద ఆరేళ్ల శిక్ష. చైనా ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. యునెస్కో వెనక్కి తగ్గలేదు. రాలేని మనిషి అని తెలిసే ఇచ్చారు.

2001లో బర్మా సంపాదకుడు ఊ విన్ టిన్‌కు ఇచ్చారు. ఆయనా జైల్లోనే, 1989 నుంచి. (ఆ 'ఊ' పేరులో భాగం కాదు, మనం 'గారు' అన్నట్టు పెద్దలకు పెట్టే మర్యాద.) రంగూన్ అనగానే మనలో కొందరికి తాతముత్తాతలు గుర్తొస్తారు. యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల వల్లే అక్కడ తెలుగువాళ్లకు 'కోరంగీలు' అన్న పేరు పడింది. ఆ ఊరి జైల్లోనే ఈయన్ని ఉంచారు. కలం, కాగితం ఇవ్వలేదు. ఇటుక పొడి నీళ్లలో కలిపి గోడ మీద రాసుకున్నాడాయన. రాజకీయాలు మానేస్తానని సంతకం పెడితే వదిలేస్తామన్నారు, పెట్టలేదు.

బహుమతి ఇచ్చారని జైలు తలుపులు తెరుచుకోలేదు. ఇంకో ఏడేళ్లు లోపలే ఉన్నాడు. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఎవరూ చూడకుండా మరిచిపోదామనుకున్న మనిషి పేరును ప్రపంచం ముందు చదివారు, అది మాత్రం చెరపలేకపోయారు. 2008 సెప్టెంబరులో, పంతొమ్మిదేళ్ల తర్వాత బయటికొచ్చాడు. జైలు ఇచ్చిన నీలం చొక్కాతోనే వచ్చాడు. మిగతా రాజకీయ ఖైదీలు లోపలే ఉన్నారని, తర్వాత కూడా నీలం చొక్కానే వేసుకునేవాడు.

మన జాబితా ఇంకా ఖరారు కాలేదు. ఆ పాత విలేకరి గారి ఇంటికి నలుగురం వెళ్లి, మంచం పక్కనే శాలువా కప్పి వద్దామని నా ప్రతిపాదన. అభ్యంతరం ఉన్నవారు ఆదివారం సమావేశంలో చెప్పండి. ఈసారి నేను మాట్లాడతాను.