కొత్త దేశంలో బ్యాంకు ఖాతా: తెలుగు వలసల చరిత్రలో ఒక పార్శ్వం



వలసల చరిత్ర అనగానే మనకు ఓడలు, తోటలు, కూలి ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. వలస వెళ్ళినవారు తమ సంపాదనను ఎక్కడ దాచుకున్నారు, ఎవరి పేరు మీద దాచుకున్నారు అనే ప్రశ్నను చరిత్రకారులు కూడా అరుదుగానే వేసుకున్నారు. ఈ భాగంలో బర్మా, అమెరికా వలసలను పక్కపక్కన పెట్టి ఆ ప్రశ్నను పరిశీలిద్దాం. కొత్తగా వచ్చిన మనిషి ఎవరో, నమ్మదగినవాడో కాదో చెప్పే అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందో గమనిస్తూ చదవండి.

1. మేస్త్రీ పుస్తకం

1852లో దిగువ బర్మా బ్రిటిష్ వారి వశమైన తరవాత అక్కడ వరిసాగు విస్తరించింది. రంగూన్ రేవులోను, బియ్యం మిల్లుల్లోను పనివారి అవసరం పెరిగింది. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ఓడలెక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు.

ఈ కూలీలను తీసుకువెళ్ళినవాడు మేస్త్రీ. ఓడ ఖర్చుకు, ఇంటి అవసరాలకు అతడే అడ్వాన్సు ఇచ్చేవాడు. కంపెనీ కూలి డబ్బును మేస్త్రీకి చెల్లించేది. అతడు తన కమీషను, బాకీ మినహాయించుకొని మిగిలింది కూలీకి ఇచ్చేవాడు. అంటే కూలీకి ఒక ఖాతా ఉంది. కాని అది మేస్త్రీ పుస్తకంలో ఉంది. అందులో ఏం రాశారో చదవడం చాలామందికి రాదు. బాకీ తీరేదాకా మరో చోట పనికి పోవడం కూడా కష్టమే.

దీనికి భిన్నమైన దారి తపాలా కార్యాలయం. మన దేశంలో తపాలా మనియార్డరు 1880లో, తపాలా పొదుపు బ్యాంకు 1882లో మొదలయ్యాయి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం కాబట్టి అక్కడి నుంచి స్వగ్రామానికి మనియార్డరు పంపడం విదేశీ లావాదేవీ కాదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరు చేశారు. రంగూన్‌లోని తెలుగు కూలీ ఉన్నచోటు నుంచి కదలకుండానే ఆ రోజు పరాయి దేశంలో ఉన్నవాడయ్యాడు. 1941లో వలసలను అదుపు చేసే ఒప్పందం కుదిరింది. ఆ డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. వారిలో చాలామంది కొండదారుల్లో నడిచి వచ్చినవారే.

2. ఖాతా ఉన్నా రక్షణ లేకపోవడం

యుద్ధం తరవాత కొందరు తిరిగి వెళ్ళారు. 1963లో బర్మా సైనిక ప్రభుత్వం బ్యాంకులను జాతీయం చేసింది. 1964 మే నెలలో 50, 100 చాట్ నోట్లను రద్దు చేసింది. భారతీయులు పెద్ద సంఖ్యలో వెనక్కి రావలసి వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అనే పేరు ఆ కాలాన్ని నేటికీ గుర్తుచేస్తుంది. ఖాతా పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన సొమ్ముకు రక్షణ ఉండదని, ఆ దేశంలో నివసించే హక్కు కూడా ఉండాలని ఈ ఘట్టం తెలుపుతుంది.

3. అమెరికా: కాగితాల వలయం

1965 నాటి వలస చట్టం అమెరికా తలుపులు తెరిచింది. మొదట వైద్యులు, ఇంజనీర్లు, 1990 తరవాత హెచ్-1బి వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వారితోపాటు విద్యార్థులు వెళ్ళారు. నేడు పల్నాడు పల్లెల నుంచి కూడా పిల్లలు వెళుతున్నారు.

అక్కడ మేస్త్రీ లేడు. కాని 2001 నాటి పేట్రియాట్ చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం, 2003 అక్టోబరు 1 నుంచి ప్రతి బ్యాంకూ కొత్త ఖాతాదారు పేరు, పుట్టిన తేదీ, చిరునామా, గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఖాతా తెరవరని చాలామంది అనుకుంటారు. విదేశీయుల విషయంలో పాస్‌పోర్టు సంఖ్యను తీసుకోవడానికి ఆ నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. అయితే అంతకుమించి ఏం అడగాలన్నది బ్యాంకు ఇష్టం. అందుకే ఒక శాఖలో కాదన్న పని మరో శాఖలో అవుతుంది.

చిరునామా రుజువుకు అద్దె ఒప్పందం కావాలి. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. ఈ వలయాన్ని చాలామంది విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రంతోనో, ముందే స్థిరపడిన సీనియర్ల గదిలో దిగడంతోనో దాటుతారు. అంటే, పూచీ పడే మనిషి పూర్తిగా మాయం కాలేదు.

4. మన ముంగిట

ఈ కథ విదేశాలకే పరిమితం కాదు. మన బ్యాంకుల్లో చాలాకాలం పాత ఖాతాదారు ఒకరు పరిచయ సంతకం పెడితేనే కొత్త ఖాతా తెరిచేవారు. ఊరికి కొత్తవారికి ఆ సంతకం ఎవరు పెడతారు? తరవాత దాని స్థానంలో గుర్తింపు పత్రాలు వచ్చాయి. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకం మొదలైంది. తగిన పత్రాలు లేనివారు కూడా ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో 'చిన్న ఖాతా' తెరవవచ్చు. కాని అందులో నిల్వ 50,000 రూపాయలు, ఏడాది జమలు లక్ష రూపాయలు దాటకూడదు.

నాదెండ్ల పరిసరాలను తీసుకోండి. ఈ పల్లెల నుంచి ఒకరు అమెరికా బ్యాంకులో పాస్‌పోర్టు చూపిస్తున్న రోజుల్లోనే, కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా మిర్చి కోతలకు పల్నాడు వచ్చిన కూలీలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు లెక్క చూసుకుంటూ ఉంటారు. రంగూన్ పద్ధతి పూర్తిగా గతించిందని అనలేం.

సారాంశం

కొత్తవాడికి పూచీ పడే అధికారం మేస్త్రీ నుంచి పరిచయస్థుడికి, అతని నుంచి రాజ్యం ఇచ్చే పత్రానికి మారింది. ఈ మార్పు మనిషిని మరో మనిషి దయ నుంచి చాలావరకు తప్పించింది. అదే సమయంలో పత్రం లేనివారిని కొత్తగా బయట నిలబెట్టింది. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఈ చరిత్ర అర్థమవుతుంది.

అభ్యాసం

మీ ఊరికి పనికోసం వచ్చిన ఒకరితో, మీ ఊరి నుంచి విదేశం వెళ్ళిన మరొకరితో మాట్లాడండి. వారి మొదటి సంపాదన ఎవరి చేతికి వచ్చింది, ఖాతా ఎప్పుడు తెరిచారు, ఎవరు సాయపడ్డారు అని అడగండి. వారి అనుమతితో, పేర్లు రాయకుండా, ఇద్దరి అనుభవాలను పోల్చి 20 పంక్తుల్లో రాయండి.