బొమ్మ అక్షరాలు

హోసూరులో మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కోయంబత్తూరులో మా పెద్దమ్మ కూతురూ అంతే, కానీ అక్క చదివింది తమిళ మీడియం. నేను తెలుగులో మెసేజ్ పెడితే చదవలేక ఎమోజీతో జవాబిస్తుంది.

ఎమోజీ జపాను మాట. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. ఇంగ్లీషు 'ఎమోషన్' నుంచి వచ్చిందనుకునేదాన్ని! 1999లో షిగెతక కురిత అనే ఆయన డొకోమో ఫోన్ల కోసం 176 బొమ్మలు చేశారు. ఒక్కోటి అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కలే. అప్పట్లో వేరే కంపెనీ ఫోన్‌కి పంపితే సరిగా కనిపించేవి కావు. 2010లో యూనికోడ్ వాటికి నంబర్లిచ్చాక ఆ తంటా తగ్గింది.

మన తెలుగు అక్షరాలకు అదే యూనికోడ్‌లో 1991లోనే నంబర్లు వచ్చాయి, 19 ఏళ్ల ముందే! ఇదంతా అక్కకు తెలుగులో రాసి పంపాను. "ఏం రాశావే? ఫోన్ చేసి చదివి వినిపించు" అంది.