హుక్కా ఎవరిది?

తెలుగు నాటకంలోనో సినిమాలోనో నవాబును చూపించాలంటే మూడు వస్తువులు చాలు. బాలీసు, పాన్‌దాన్, హుక్కా. హుక్కా గొట్టం నోట్లో పెట్టగానే ఆ పాత్ర మతమేమిటో, బుద్ధేమిటో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. సోమరి, విలాసి, తురక. ఇంట్లో హుక్కా ముఖం ఎరగని మేం కూడా ఆ ముద్ర మోస్తూనే వచ్చాం. కనుక దాని చరిత్ర ఒకసారి తిరగేయక తప్పదు.

పొగాకు అమెరికా మొక్క. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికొచ్చింది. అక్బర్ దర్బారుకు చేరింది మాత్రం దక్కను నుంచే. 1604 ప్రాంతంలో బీజాపూర్ వెళ్లొచ్చిన అసద్ బేగ్ పొగాకునూ, పొగ గొట్టాన్నీ పాదుషా ముందు పెట్టాడు. తెలియని వస్తువు వద్దని హకీం అక్కడే అడ్డుపడ్డాడు. 1617లో జహంగీర్ ఏకంగా పొగాకును నిషేధించాడు. పాదుషాలే వద్దన్న అలవాటును మతానికి ఎలా అంటగడతారు?

నిషేధం నిలవలేదు. హుక్కా దేశమంతా పాకింది. బీదర్ పనివాళ్లు నల్లటి లోహంలో వెండి పొదిగి హుక్కా కుండలు చేశారు. ఇవాళ సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. హర్యానా జాట్ల పల్లెల్లో హుక్కా పంచాయితీ మర్యాద అయింది. కులం నుంచి వెలివేయడాన్ని అక్కడ 'హుక్కా-పానీ బంద్' అన్నారు. బెంగాల్ పెద్దిళ్లలో కులానికో హుక్కా, ముసల్మానుకు వేరే హుక్కా ఉండేవి. చిన్నతనంలో వివేకానందుడు తండ్రి గదిలోని హుక్కాలన్నీ వరసగా పీల్చి, కులం ఎలా పోతుందో చూద్దామనుకున్నాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. హుక్కా మతమేదో ఆ పిల్లవాడికి తెలిసినంత మన నాటకకర్తలకు తెలియలేదు.

దొరలూ తక్కువ తినలేదు. 1779లో వారన్ హేస్టింగ్స్ దంపతులు కలకత్తాలో ఇచ్చిన విందు పిలుపులో, హుక్కాబర్దార్‌ను తప్ప నౌకర్లను తేవద్దని రాశారు. హుక్కా వాడుక లేని ఇంగ్లండులో ఇదే వస్తువు వేళాకోళమైంది. 1847-48లో వెలువడిన థాకరే నవల 'వానిటీ ఫెయిర్'లో ఇండియా నుంచి తిరిగొచ్చిన లావుపాటి కలెక్టర్ చేతికి హుక్కా దొరికింది. 1865లో 'ఆలిస్' కథలో పుట్టగొడుగు మీద బద్ధకంగా కూచున్న గొంగళిపురుగు నోటికి దొరికింది. కలకత్తాలో హోదా, లండన్‌లో నవ్వులాట. వస్తువు మారలేదు, చూసే కళ్లు మారాయి.

మన తెలుగునాట జరిగిందీ అదే. ఇక్కడ జనం పొగ అంటే లంక పొగాకు చుట్ట. 'కన్యాశుల్కం'లో గిరీశం కాల్చింది చుట్టే. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దాన్ని ఎవరూ ఏ మతానికీ అంటగట్టలేదు, ఎందుకంటే అది పరిచయమైన పొగ. హుక్కా హైదరాబాద్ దేవిడీల గోడలు దాటి ఊళ్లలోకి పెద్దగా రాలేదు. జనం ఎరగని వస్తువు కాబట్టే దాన్ని జనం ఎరగని మనిషికి తగిలించడం సులువైంది. జాగీర్దారు చేతిలోది జాతి మొత్తం చేతిలో పెట్టారు.

ఇక ఇవాళ్టి సంగతి. వయసు పిల్లలు మతం తేడా లేకుండా చేరిన హుక్కా పార్లర్లను తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో చట్టం చేసి నిషేధించింది. మంచిదే. నీళ్లు పొగలోని విషాన్ని కడిగేస్తాయన్నది భ్రమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. హుక్కాను వెనకేసుకు రావాల్సిన పని మాకు లేదు.

మేం అడిగేది వేరు. నిజామాబాద్ జిల్లా గల్లీల్లో పద్మశాలి ఆడవాళ్ల పక్కనే మా అమ్మలూ ఆపాలూ చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వేలెక్కన బీడీలు చుట్టారు. పొగాకుతో పేద ముసల్మానుకున్న సంబంధం అది. నడుం నొప్పి, దగ్గు, లెక్కలో కోత. మన కథల్లో, సినిమాల్లో ముసల్మాను చేతిలో ఆ కత్తెర ఎన్నిసార్లు కనబడింది?